వేడి మాటలకు గ్రీకు తాళంచెవి – రుడాల్ఫ్ క్లాసియస్ జీవితం

థర్మోడైనమిక్స్, ఐసోథర్మల్, అడయాబాటిక్, ఎండోథర్మిక్, ఎంథాల్పీ, ఎంట్రోపీ. తెలుగు మీడియంలో పదో తరగతి దాకా చదివి, ఇంటర్‌లోనో డిగ్రీలోనో ఇంగ్లిష్ మీడియంలో అడుగుపెట్టిన మన హాస్టల్ విద్యార్థులకు ఈ మాటలు బాగా గుర్తుండే ఉంటాయి. లెక్క తెలిసి కూడా మాట తెలియక వెనుక బెంచీలో కూర్చున్నవాళ్ళం మనలో చాలామందిమి ఉన్నాం. కొందరు మిత్రులైతే ఆ మాటల దగ్గరే సైన్సు వదిలేశారు. ఇంగ్లిష్ ఇంట్లో మాట్లాడేవాళ్ళకు ఇవి పుట్టుకతోనే వచ్చేస్తాయని, మనకు ఎప్పటికీ రావని వాళ్ళు అనుకున్నారు.

ఆ అభిప్రాయం ఎంత తప్పో తెలియాలంటే ఒక జర్మన్ మాస్టారి జీవితం తెలుసుకోవాలి. ఎంట్రోపీ అనే మాటను తయారుచేసింది ఆయనే. ఆయన పేరు రుడాల్ఫ్ క్లాసియస్. ఆయన ఇంగ్లిష్ వాడు కాదు, ఆ మాటా ఇంగ్లిష్‌ది కాదు.

బాల్యం, చదువు

రుడాల్ఫ్ క్లాసియస్ 1822 జనవరి 2న ప్రష్యా రాజ్యంలోని కోస్లిన్ అనే ఊళ్ళో జన్మించారు. ఆ ఊరు ఇప్పుడు పోలండ్ దేశంలో ఉంది, పేరు కొషాలిన్. తండ్రి చర్చి పాస్టరు, పాఠశాలల తనిఖీ అధికారి కూడా. పిల్లలు ఎక్కువగా ఉన్న పెద్ద కుటుంబం వారిది. తండ్రి ఒక చిన్న బడి నడిపేవారు. రుడాల్ఫ్ మొదటి అక్షరాలు ఆ బడిలోనే దిద్దుకున్నారు. తరువాత స్టెట్టిన్ పట్టణంలోని జిమ్నాజియంలో చేరారు. జిమ్నాజియం అంటే అక్కడ వ్యాయామశాల కాదు, ఉన్నత పాఠశాల. ఆ కాలపు జర్మన్ ఉన్నత పాఠశాలల్లో లాటిన్, ప్రాచీన గ్రీకు భాషలను తప్పనిసరిగా నేర్పేవారు. ఇక్కడ మనం ఒక సంగతి గమనించాలి. ఆ భాషలు ఆయనకు కూడా ఇంట్లో వచ్చినవి కావు. బడిలో కూర్చుని, వ్యాకరణం వల్లెవేసి నేర్చుకున్నవే.

1840లో బెర్లిన్ విశ్వవిద్యాలయంలో చేరారు. మొదట్లో ఆయన మనసు చరిత్ర వైపు లాగింది. చివరకు గణితం, భౌతికశాస్త్రం ఎంచుకున్నారు. 1844లో చదువు ముగించి బెర్లిన్‌లోనే ఒక ఉన్నత పాఠశాలలో పాఠాలు చెప్పడం మొదలుపెట్టారు. ఆ ఉద్యోగం చేస్తూనే పరిశోధన సాగించి 1847లో హాలే విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ పొందారు. వాతావరణంలో సూర్యకాంతి ఎలా చెదురుతుంది, ఆకాశం నీలంగా ఎందుకు ఉంటుంది, ఉదయం సాయంత్రం ఎర్రగా ఎందుకు మారుతుంది అన్నది ఆయన పరిశోధన విషయం. అందులో ఆయన చెప్పిన కారణం సరైనది కాదని తరువాతి కాలంలో తేలింది. అయినా భౌతిక సమస్యను గణితంతో పట్టుకోవడం ఆయన అక్కడే నేర్చుకున్నారు.

ఆ కాలపు ప్రశ్న

అది ఆవిరి యంత్రాల కాలం. మన కాజీపేట మీదుగా పొగ చిమ్ముతూ నడిచిన బొగ్గు రైళ్ళను మన తాతల తరం చూసింది. అలాంటి యంత్రాలే అప్పట్లో యూరప్ గనుల్లో, మిల్లుల్లో, రైళ్ళలో పనిచేసేవి. బొగ్గు మండిస్తే వేడి, వేడితో ఆవిరి, ఆవిరితో చక్రం తిరగడం. అయితే బొగ్గులోని వేడిలో చాలా భాగం పని చేయకుండానే బయటికి పోయేది. దాన్ని పూర్తిగా పనిగా మార్చలేమా అన్నది ఇంజనీర్ల ప్రశ్న.

ఫ్రాన్స్‌కు చెందిన సాదీ కార్నో అనే యువ ఇంజనీరు 1824లో ఒక చిన్న పుస్తకంలో దీనికి దారి చూపారు. యంత్రం నుంచి గరిష్ఠంగా ఎంత పని రాబట్టగలమన్నది వేడి వైపు, చల్లని వైపు ఉన్న ఉష్ణోగ్రతల మీదే ఆధారపడుతుందని ఆయన తేల్చారు. అయితే వేడి అనేది ఒక రకమైన ద్రవమని, అది ఖర్చు కాదని అప్పటి నమ్మకం. 1840ల్లో ఇంగ్లండులో జేమ్స్ జౌల్ చేసిన ప్రయోగాలు ఆ నమ్మకాన్ని దెబ్బతీశాయి. పని చేస్తే వేడి పుడుతుంది, వేడి ఖర్చయితే పని వస్తుంది అని ఆయన కొలిచి చూపారు. కార్నో మాటకూ జౌల్ మాటకూ పొత్తు కుదరలేదు. పెద్ద పెద్ద పండితులే తికమకపడ్డారు.

ఆ ముడి విప్పింది 28 ఏళ్ళ క్లాసియస్. అప్పటికి ఆయనకు కార్నో రాసిన అసలు పుస్తకం దొరకలేదు. ఇతరులు దాని గురించి రాసినవి చదివే పని సాగించారు. 1850లో అచ్చయిన ఆయన వ్యాసం ఇద్దరినీ కలిపింది. యంత్రంలోకి వెళ్ళిన వేడిలో కొంత పనిగా మారుతుంది, అది జౌల్ చెప్పింది. మిగిలినది చల్లని వైపుకు పోయి తీరాలి, అది కార్నో చెప్పింది. ఈ రెండోదానికి పునాదిగా ఆయన ఒక సూత్రం పెట్టారు. వేడి తనంతట తాను చల్లని వస్తువు నుంచి వేడి వస్తువులోకి పోదు. ఇదే ఉష్ణగతిక శాస్త్రపు రెండో నియమం.

వినడానికి ఇది మన అమ్మమ్మలకు కూడా తెలిసిన విషయంలాగే ఉంటుంది. మే నెలలో చిల్పూర్ గుట్ట బండ మీద పగలు కాలు పెట్టలేం. పొద్దుగూకాక ఆ బండ తన వేడిని గాలికి వదిలి చల్లారుతుంది. చల్లటి రాత్రి గాలిలోని వేడిని లాక్కొని బండ తనంతట తానే మళ్ళీ కాలడం ఎవరూ చూడలేదు. అందరికీ తెలిసిన ఈ విషయాన్ని నియమంగా పట్టుకుని, దాని నుంచి లెక్క తీయడమే క్లాసియస్ గొప్పతనం.

ఈ నియమం పనిచేసే చోటు మనకు దూరంగా లేదు. భూపాలపల్లి జిల్లా చెల్పూర్ దగ్గర కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. మన చిల్పూరు, ఆ చెల్పూరు పేర్లు దగ్గర కాబట్టి కొత్తవాళ్ళు పొరబడుతుంటారు. అక్కడ 2010లో 500 మెగావాట్ల యూనిట్, 2016లో 600 మెగావాట్ల యూనిట్ ఉత్పత్తి మొదలుపెట్టాయి. దూరం నుంచే కనబడే ఆ పెద్ద కూలింగ్ టవర్ల పనేమిటి అని చాలామందికి సందేహం. టర్బైన్ తిప్పిన ఆవిరి తన దగ్గర మిగిలిన వేడిని చల్లని నీటికి ఇచ్చి మళ్ళీ నీరు కావాలి. ఆ నీరు తీసుకున్న వేడిని గాలిలోకి వదిలేవే ఆ టవర్లు. వేడి వైపు 500 కెల్విన్‌లు, చల్లని వైపు 300 కెల్విన్‌లు ఉంటే ఎంత గొప్ప యంత్రమైనా 100 పాళ్ళలో 40 పాళ్ళకు మించి పని ఇవ్వలేదు. ఇది కట్టినవాళ్ళ లోపం కాదు. కార్నో, క్లాసియస్ చెప్పిన హద్దు.

పేరు లేని లెక్క

1850 వ్యాసంతో ఆయనకు పేరు వచ్చింది. అదే ఏడాది బెర్లిన్‌లోని సైనిక ఇంజనీరింగ్ విద్యాలయంలో ఆచార్యుడయ్యారు. 1855లో స్విట్జర్లాండులోని జూరిచ్‌లో కొత్తగా ప్రారంభమైన సాంకేతిక విద్యాలయానికి వెళ్ళారు. 1859లో అడెల్‌హైడ్ రింపౌ అనే ఆమెను వివాహం చేసుకున్నారు.

జూరిచ్‌లో ఉండగా 1857లో వాయువుల గురించి మరో ముఖ్యమైన వ్యాసం రాశారు. వేడి అంటే అణువుల కదలికే అని, గాలిలో అణువులు సెకనుకు వందల మీటర్ల వేగంతో పరుగెడతాయని లెక్కగట్టారు. దానికి హాలండ్ శాస్త్రజ్ఞుడు బైస్ బాలట్ అభ్యంతరం చెప్పారు. అంత వేగమే ఉంటే గదిలో ఒక మూల వాసన మరో మూలకు చేరడానికి అంతసేపు ఎందుకు పడుతుందన్నది ఆయన ప్రశ్న. క్లాసియస్ కోపం తెచ్చుకోలేదు. 1858లో జవాబు ఇచ్చారు. మేడారం జాతరలో ఎంత చురుకైనవాడైనా పది అడుగులు నేరుగా నడవలేడు. ఎవరో ఒకరు తగులుతూనే ఉంటారు. అణువు పరిస్థితీ అంతే. ఒక ఢీకి, మరో ఢీకి మధ్య అది సగటున పోయే దూరాన్నే ఇప్పుడు మనం సగటు స్వేచ్ఛాపథం అని చదువుతున్నాం. అభ్యంతరం నుంచే కొత్త భావన పుట్టింది.

ఇదంతా జరుగుతుండగా వేడి గురించిన ఒక లెక్క ఆయనను 1854 నుంచీ వెంటాడుతూనే ఉంది. దాన్ని ఒక ఉదాహరణతో చూద్దాం. 400 కెల్విన్‌ల వద్ద ఉన్న వస్తువు నుంచి 1200 జౌళ్ళ వేడి 300 కెల్విన్‌ల వద్ద ఉన్న వస్తువులోకి పోయిందనుకుందాం. రెండూ చాలా పెద్దవి కాబట్టి వాటి ఉష్ణోగ్రతలు మారలేదనుకుందాం. శక్తి లెక్క చూస్తే పోయింది 1200, వచ్చింది 1200. తేడా లేదు. ఇప్పుడు వేడిని ఉష్ణోగ్రతతో భాగించండి. వేడి వస్తువు 3 పోగొట్టుకుంది, చల్లని వస్తువు 4 పొందింది. మొత్తం మీద 1 పెరిగింది. వేడి తనంతట తాను ప్రవహించిన ప్రతిసారీ ఈ లెక్క పెరుగుతుంది, ఎప్పుడూ తగ్గదు. శక్తి పోకపోయినా దాని ఉపయోగం ఎంత చేజారిందో చెప్పే లెక్క ఇది.

ఇంత ముఖ్యమైన రాశికి పదేళ్ళకు పైగా పేరు లేదు. 1865లో క్లాసియస్ దానికి పేరు పెట్టారు. ఎంట్రోపీ.

గ్రీకు ఎందుకు

ప్రాచీన గ్రీకులో ట్రోపే అంటే మలుపు, మార్పు. దానికి ముందు ఎన్ అంటే లోపల అనేది చేర్చారు. ఎనర్జీ అనే మాట కూడా గ్రీకు నుంచే వచ్చింది. ఎన్ అంటే లోపల, ఎర్గాన్ అంటే పని. ఈ రెండు రాశులూ అక్కాచెల్లెళ్ళ వంటివి కాబట్టి వాటి పేర్లు కూడా ఒకేలా వినబడాలని ఆయన కోరుకున్నారు.

ఆయన చేతిలో జర్మన్ మాట లేక కాదు. మార్పు అనే అర్థం వచ్చే జర్మన్ మాటతోనే ఆ రాశిని వివరించారు కూడా. అయినా పేరుగా దాన్ని ఉంచలేదు. శాస్త్రంలో ముఖ్యమైన రాశుల పేర్లను ప్రాచీన భాషల నుంచి తీసుకుంటే, ఇప్పుడు వాడుకలో ఉన్న భాషలన్నిటిలోనూ అవి మార్పు లేకుండా ఒకేలా ఉంటాయన్నది ఆయన ఉద్దేశం. అంటే జర్మన్ విద్యార్థికి ఒక మాట, ఫ్రెంచ్ విద్యార్థికి ఒక మాట, ఇంగ్లిష్ విద్యార్థికి ఒక మాట ఉండకూడదు. తన దేశం మాటను లోకం మీద రుద్దకూడదు. నేర్చుకోవాల్సి వస్తే అందరూ సమానంగా నేర్చుకోవాలి.

మరి ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవాళ్ళకు ఆ మాట సులువుగా వచ్చిందా? రాలేదు. స్కాట్లండుకు చెందిన ఆచార్యుడు పీటర్ టెయిట్ 1868లో రాసిన పుస్తకంలో ఎంట్రోపీ మాటను దాదాపు తలకిందులు అర్థంలో వాడారు. ఆయనను అనుసరించి జేమ్స్ క్లెర్క్ మాక్స్‌వెల్ కూడా 1871లో వేడి గురించి రాసిన తన పాఠ్యపుస్తకంలో అదే తప్పు చేశారు. తరువాతి ముద్రణలో దిద్దుకున్నారు. మాక్స్‌వెల్ అంటే విద్యుదయస్కాంత సమీకరణాలు ఇచ్చిన మహామేధావి. అంతటివారే ఈ మాట దగ్గర తడబడి దిద్దుకున్నారంటే, మొదటిసారి విన్నప్పుడు మనకు అర్థం కాకపోవడంలో సిగ్గుపడాల్సింది ఏముంది?

మిగిలిన వేడి మాటలు

క్లాసియస్ ఒక్కరే కాదు, వేడిని గురించి పనిచేసిన చాలామంది గ్రీకు గనిలోనే మాటలు తవ్వుకున్నారు. థెర్మే అంటే వేడి. మెట్రాన్ అంటే కొలత. రెండూ కలిస్తే థర్మామీటర్. డైనమిస్ అంటే బలం, అది చేరితే థర్మోడైనమిక్స్. ఆ పేరు పెట్టింది విలియం థామ్సన్, అంటే లార్డ్ కెల్విన్. ఐసోస్ అంటే సమానం, కాబట్టి ఐసోథర్మల్ అంటే ఉష్ణోగ్రత మారనిది. హంబోల్ట్ 1817లో పటం మీద ఒకే ఉష్ణోగ్రత ఉన్న చోట్లను కలుపుతూ గీసిన గీతలకు ఈ పేరు వాడారు. ఎండాన్ అంటే లోపల, ఎక్సో అంటే బయట. వేడిని లోపలికి తీసుకునేది ఎండోథర్మిక్, బయటికి వదిలేది ఎక్సోథర్మిక్. ఎంథాల్పీలో ఉన్నది థాల్పీన్, అంటే వెచ్చబరచడం. అడయాబాటిక్ మాటను విడదీస్తే అ అంటే కాదు, డయా అంటే గుండా, బాటోస్ అంటే పోదగినది. వేడి దాటిపోలేనిది అని అర్థం. పైర్ అంటే నిప్పు. కొలిమి వేడిని కొలిచేది పైరోమీటర్. జ్వరం తగ్గించే పారాసిటమాల్‌ను వైద్యులు యాంటీపైరెటిక్ అనడం కూడా అందుకే. క్యాలరీ మాత్రం ఈ కుటుంబానిది కాదు, అది లాటిన్ మాట.

పది పన్నెండు ముక్కలు తెలిస్తే ఇన్ని మాటలు విడివడుతున్నాయి. బట్టీ పట్టాల్సింది యాభై మాటలు కాదు, ఈ పది పన్నెండు ముక్కలే.

మన భాషలో వేడి

మనవాళ్ళు కూడా ఈ సమస్యతో పోరాడారు. కొమర్రాజు లక్ష్మణరావు గారు మిత్రులతో కలిసి 1906లో హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి స్థాపించి తెలుగులో శాస్త్ర గ్రంథాలు తెప్పించారు. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూలో సైన్సు బోధించడానికి అనువాద విభాగాన్ని పెట్టి, అరబ్బీ పారశీక ధాతువులతో పారిభాషిక పదాలు తయారుచేయించింది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ ఇంటర్, డిగ్రీ పుస్తకాలు తెచ్చింది. ఉష్ణగ్రాహక, ఉష్ణమోచక, స్థిరోష్ణక అనే మాటలు మనం ఆ పుస్తకాల్లోనే చదివాం. ఆ పుస్తకాలు కూడా ఎంట్రోపీని ఎంట్రోపీగానే ఉంచాయి. క్లాసియస్ కోరుకున్నది మన దగ్గర కూడా జరిగిందన్నమాట.

ఒక సంగతి చూడండి. మన ఇళ్ళలో వేడి, సెగ, కాక, ఉడుకు అంటాం. ఉష్ణం అని ఎవరూ అనరు. అది సంస్కృతం నుంచి వచ్చింది. ఉష్ణమోచక అనే మాట కూడా మనం బడిలో నేర్చుకున్నదే, ఎక్సోథర్మిక్ లాగే. ఒకటి నేర్చుకోగలిగినవాళ్ళం రెండోది నేర్చుకోలేమా?

ఇంకో విచిత్రం. చెమటను పుస్తకాల్లో ఘర్మజలం అంటారు. సంస్కృతంలో ఘర్మ అంటే వేడి. గ్రీకు థెర్మే, సంస్కృత ఘర్మ రెండూ ఒకే పురాతన ధాతువు నుంచి పుట్టిన మాటలని భాషాశాస్త్రజ్ఞులు నిర్ధారించారు. థర్మామీటర్‌లోని థర్మ్, మన నాన్నల నుదుటి మీది ఘర్మజలం దూరపు చుట్టాలే.

చివరి సంవత్సరాలు

క్లాసియస్ 1867లో వుర్జ్‌బర్గ్, 1869లో బాన్ విశ్వవిద్యాలయాలకు మారారు. 1870లో ఫ్రాన్సుకూ ప్రష్యాకూ యుద్ధం వచ్చింది. అప్పటికి ఆయనకు 48 ఏళ్ళు. బాన్ విద్యార్థులను కూడగట్టి, గాయపడిన సైనికులను మోసే అంబులెన్సు దళం ఏర్పాటు చేశారు. ఆ సేవలో ఆయన కాలికే గాయమైంది. ఆ బాధ ఆయనను జీవితాంతం వదలలేదు. ప్రభుత్వం ఐరన్ క్రాస్ పతకం ఇచ్చి గౌరవించింది.

1875లో భార్య ప్రసవ సమయంలో మరణించింది. ఆరుగురు పిల్లల భారం ఆయన మీద పడింది. పిల్లలను పెంచుతూనే పాఠాలు మానలేదు. పరిశోధనకు మునుపటంత సమయం చిక్కలేదు. ఆ సంవత్సరాల్లోనే, 1877లో, వియన్నాకు చెందిన బోల్ట్జ్‌మన్ ఎంట్రోపీకి అణువుల అమరికతో ఉన్న సంబంధాన్ని చూపి ఆ భావనను ఇంకా లోతుకు తీసుకెళ్ళారు. క్లాసియస్ నాటిన మొక్క ఇతరుల చేతుల్లో చెట్టయింది. 1879లో లండన్ రాయల్ సొసైటీ ఆయనకు కోప్లీ పతకం ఇచ్చింది. 1886లో మళ్ళీ వివాహం చేసుకున్నారు. 1888 ఆగస్టు 24న బాన్‌లో కన్నుమూశారు.

నీటి ఆవిరి గురించిన క్లాసియస్–క్లేపిరాన్ సమీకరణం ఇప్పటికీ వాతావరణ శాస్త్రంలో నిత్యం వాడుతున్నారు. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరిని ఇముడ్చుకోగలదని దాని నుంచే తెలుస్తుంది. భూమి వేడెక్కేకొద్దీ కుండపోత వానలు ఎందుకు పెరుగుతాయో చెప్పడానికి ఆయన లెక్కే ఆధారం.

తమ్ముళ్ళకు ఒక మాట

మన హాస్టల్ తమ్ముళ్ళు ఇంటర్‌లో, డిగ్రీలో ఈ మాటలు ఎదురైనప్పుడు భయపడి గ్రూపు మార్చుకోవద్దు. నోట్‌బుక్ చివరి పేజీలో రెండు గడులు గీయండి. ఒకవైపు గ్రీకు ముక్క, రెండోవైపు తెలుగు అర్థం రాసుకోండి. కొత్త మాట వచ్చినప్పుడల్లా దాన్ని విరిచి చూడండి. ఒక నెల తిరిగేసరికి ఆ పేజీ నిండుతుంది. పై తరగతికి వెళ్ళేటప్పుడు ఆ పేజీని కింది తరగతి తమ్ముడికి ఇచ్చి వెళ్ళండి. మన ఇళ్ళలో ఈ మాటలు చెప్పి పంపేవాళ్ళు లేరు. అమ్మానాన్నలు మనల్ని పంపగలిగింది బడి గేటు దాకానే. ఆ తరువాత చెప్పాల్సింది సీనియర్లే.

ఎంట్రోపీ లండన్ పిల్లవాడికి ఎంత కొత్తదో చిల్పూర్ పిల్లవాడికీ అంతే కొత్తది. అలా ఉండాలనే క్లాసియస్ ఆ పేరు ఎంచుకున్నారు. ఆయన అందరికీ సమానంగా ఉంచి వెళ్ళిన ఆ మాటలో మన వాటాను మనం తీసుకుందాం.